నీలం వస్తే పాసు

పదకొండుకి పిలుస్తామన్నారు, పదకొండుంబావయింది, ఇంకా లోపల ఫ్యాక్టరీలవాళ్ళు టీ తాగుతూనే ఉన్నారు. తలుపు సందులోంచి కప్పులూ సాసర్లూ గలగలమంటున్నాయి. తాగండి, తాగండి, బిస్కెట్లు కూడా నమలండి, మీ ఒంట్లోంచి వచ్చేదాన్ని ఎవడూ సీసాలో పట్టి వెలుగుకి ఎత్తి చూడడు కదా. నేనిక్కడ కారిడార్లో, చెయ్యి విరిగిన కుర్చీలో, ఒళ్ళో ట్రే, ట్రేలో ఇరవై చిన్న గాజు గొట్టాలు, గొట్టాల్లో ఎర్రటి నీళ్ళు. ఎవరైనా చూస్తే దానిమ్మ రసం అనుకుంటారు. కాదు నాయనా, బంగారం. బంగారాన్ని కంటికి ఆననంత నలుసులు చేసి నీళ్ళలో తేలిస్తే పసుపు పోయి ఎరుపు వస్తుంది. ఆ నీళ్ళలో ఉప్పు పడితే నలుసులన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి ఎరుపు కాస్తా నీలమవుతుంది. కిడ్నీ చెడిపోయినవాడి ఉచ్చలో ప్రోటీను దిగుతుంది, అది ముందే పడితే నలుసులకి పూత పట్టి ఉప్పుని దగ్గరికి రానివ్వదు, ఎరుపు ఎరుపుగానే ఉండిపోతుంది. ముందు ఉచ్చ చుక్క, తరవాత ఉప్పునీళ్ళ చుక్క, రెండు నిమిషాలు ఆగడం. నీలం వస్తే మంచివాడు, ఎరుపు ఉంటే రోగిష్టివాడు. ఇంతే, ఈ విద్యంతా ఇంతే, దీనికే లోపల స్లైడు మీద ‘స్వర్ణ్‌జాంచ్’ అని పేరు, బంగారు పరీక్ష అని, ఆ పేరు కింద మా ల్యాబు పెద్ద ఉమామహేశ్వర్ గారి పేరు, ఆయన పేరు కింద ఇంకెవరి పేరూ లేదు. మూడేళ్ళ నుంచి ఈ బంగారాన్ని కాచింది ఈ చేతులు. యాసిడ్లతో గాజు కడిగి కడిగి వేళ్ళ చివర చర్మం లేచిపోయింది ఈ చేతులకే. నీ పేరు చివర కృతజ్ఞతల్లో ఉంటుందమ్మా, అన్నాడాయన. కృతజ్ఞతలట. పోనీ, ఆ కోపం చిన్న కోపం, ఇవాళ దానికి టైము లేదు.

ఎదురు బెంచీ మీద మా నాన్న. ఇస్త్రీ చొక్కా, తడిపి దువ్విన జుట్టు, కాళ్ళకి కంపెనీ ఇచ్చిన కొత్త బూట్లు. రెండు సైజులు పెద్దవి అడిగి తీసుకున్నాడట, అయినా తాళ్ళు కట్టలేదు, కట్టడానికి పాదాలు ఒప్పుకోలేదు. చేతిలో మూతపెట్టిన ప్లాస్టిక్ సీసా, దాని మీద నేనే అంటించిన చీటీ, నేనే రాసిన అంకె, నలభై ఒకటి. ఇందాకే ఆ చివర బాత్రూములో పట్టి తెచ్చాడు. గుళ్ళో తీర్థం పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. ఆదిబాబు అని ఒక పేరుంది ఆయనకి, ముప్ఫై రెండేళ్ళ కిందట మందస దగ్గర్నించి రైలెక్కి వచ్చిన మనిషి, ఈ హిందీవాళ్ళ గడ్డ మీద గమ్హరియాలో ఇనుము పోతపోసే ఫ్యాక్టరీలో కొలిమి ముందు నిలబడి నిలబడి కనుబొమలు కాలిపోయిన మనిషి. లోపల ఆయన్ని నలభై ఒకటి అంటారు. ఆ పెద్దమనుషుల ముందు ఒక కార్మికుడి శాంపిల్ అప్పటికప్పుడు చూపించాలి కాబట్టి కాంట్రాక్టరు భీమారావు ఏరికోరి ఈయన్ని పంపాడు, ఎందుకంటే జనవరి నుంచి ప్రతి నెలా ఈయనది నీలమే. తొమ్మిది నెలలు, తొమ్మిది నీలాలు. ఫస్టు క్లాసు నీలం రా నీది, అని భీమారావు భుజం తట్టాడట, మూడు రోజుల నుంచి ఇంట్లో అదే కబురు. నేను చూస్తున్నానని తెలిసి ఇటు తిరిగి నవ్వాడు. “ఏటలా సూత్తావు గుంటా? బయమేత్తందేటి? నానున్నాను గదేటి ఇక్కడ?” ఆయన ఉన్నాడట, నాకు ధైర్యానికి. నాకు ఏడుపు రాలేదు, మంట వచ్చింది, లేచి ఆ సీసా లాక్కుని గోడకేసి కొట్టాలనిపించింది. ట్రే ఒళ్ళో ఉంది కాబట్టి కూర్చున్నాను.

ఉమామహేశ్వర్ గారు చెడ్డవాడని నేననను, అనగలిగితే ఈ కోపం ఇంత ఉండేది కాదు. ఎమ్మెస్సీ పాసై నేను ఇంటింటికీ తిరిగి ట్యూషన్లు చెప్పుకుంటుంటే పిలిచి ఉద్యోగమిచ్చాడు. మన తెలుగమ్మాయి, అన్నాడు. ఆ ‘మన’ అనే మాట ఆయనకి ఎప్పుడు గుర్తొస్తుందో నాకు మూడేళ్ళకి తెలిసొచ్చింది. ఉగాదికి తెలుగు సంఘంలో ఆయనా ఇంజనీర్లూ మేనేజర్లూ ముందు వరస, వాళ్ళ ఆడవాళ్ళు పట్టుచీరల్లో పాటలు, మా బాగ్‌బేరా బస్తీ వాళ్ళు వెనక వంటల దగ్గర. అమ్మా, ఆ పులిహోర గంగాళం ఇటు పట్టించు, అంటారు. అక్కడ ‘మీవాళ్ళు’. వంద మంది కొలిమి కార్మికుల శాంపిల్స్ కావలసి వచ్చినప్పుడు మాత్రం, “మనవాళ్ళే కదా సౌజన్యా, నువ్వు చెబితే ఇస్తారు” అన్నాడు. ఇచ్చారు. సిగ్గుపడుతూ, నవ్వుకుంటూ, బాగ్‌బేరా నుంచీ పర్సుడీహ్ నుంచీ వచ్చి ఇచ్చారు, ఆదిబాబు కూతురు అడిగిందని. అంతకుముందే, ఈ పరీక్షకి లెక్క కట్టేటప్పుడు, ఎవరి ఉచ్చ పెట్టి కట్టాం? ల్యాబులో ఉన్న ముప్ఫై మందిది. ఏసీలో కూర్చుని గంటకో గ్లాసు నీళ్ళు తాగేవాళ్ళది, నీళ్ళలాంటిది. నేనన్నాను, సార్, కొలిమి దగ్గరవాళ్ళు ఒళ్ళంతా చెమటైపోయి ఉప్పు బిళ్ళలు మింగుతారు, అంబలిలో ఉప్పు కలుపుకుని తాగుతారు, వాళ్ళది చిక్కగా ముదురు పసుపుగా ఉంటుంది, దాంట్లో ఉన్న ఉప్పు, ప్రోటీను పూత పట్టేలోపే, మన ఉప్పు కంటే ముందే బంగారాన్ని పట్టేసుకుంటే? “అదంతా పల్చన చేస్తాం కదమ్మా, సరిపోతుంది” అన్నాడు కంప్యూటర్లోంచి తల ఎత్తకుండా. సరిపోతుందట. నేను ఇంకోసారి అడగలేదు. ఎందుకడగలేదే నోరులేనిదానా? ఇంట్లో అంత నోరు కదా నీకు.

ఇంట్లో నోరు. ఆ నోరే కదా ఇంత చేసింది. జనవరిలో మొదటి నెల పరీక్ష, ముగ్గురివి ఎర్రగా ఉండిపోయాయి. ఎరుపు వస్తే ఆస్పత్రికి పంపాలి, మందులిప్పించాలి, తేలిక పని ఇవ్వాలి, అని ఫ్యాక్టరీకిచ్చిన కాగితంలో రాసుంది, నేనే టైపు చేశాను. ఆ సాయంత్రమే భీమారావు ముగ్గురి గేటు పాసులూ తీసేసుకున్నాడు. ఇంటికెళ్ళి రెస్టు తీసుకోండి, అన్నాడట. గేటు పాసు లేనివాడు ఫ్యాక్టరీకి లేనివాడే, రేపు అనేది లేదు. మర్నాటికి బస్తీ అంతా ఒకటే మాట, ఎరుపొస్తే పోయినట్టే, నీలమొస్తే పాసు. ఆ రాత్రి అన్నం దగ్గర మా అమ్మ సన్యాసమ్మ అడిగింది, “ఓలే, బంగారం నీల్లలో మీరు ఉచ్చ పోత్తారంట గదే, నిజవేటి? లచ్చిందేవి కాదేటే, కల్లు పోతాయి!” నాన్న, తమ్ముడు దుర్గాప్రసాద్, నేను, అందరం నవ్వాం. నవ్వి, నేను ఉపన్యాసం మొదలెట్టాను. ఎమ్మెస్సీ కదా. కంచంలో ఉప్పు గళ్ళు వేసి, మంచినీళ్ళ గ్లాసు పక్కన పెట్టి, చూడమ్మా, ఇది బంగారం అనుకో, ఇదిగో ఉప్పు, ఉప్పు ఎంత పడితే అంత బేగా నీలం వస్తుంది, అని చెప్పాను. అంత తేలిగ్గా, అంత బాగా, నా జీవితంలో ఇంకేదీ ఎవరికీ అర్థమయ్యేట్టు చెప్పలేదు. దుర్గాప్రసాద్ “క్లాస్ ఖతమ్ హువా క్యా?” అని, పాఠం అయిందా అని, హిందీలో వెక్కిరించి లేచిపోయాడు. అమ్మ మాత్రం ముద్ద ఆపి విన్నది. ఏదో మంత్రం నేర్చుకుంటున్నట్టు విన్నది. నేను సంతోషపడ్డాను, మా అమ్మ సైన్సు వింటోందని. దేబెమొహం.

లోపల ఎవరో మైకులో ఊదుతున్నారు, హలో, హలో, చెక్. గోడ మీద కేలండరు అక్టోబరు, రెండువేల ఎనిమిది, దుర్గమ్మ బొమ్మ, పూజలు అయిపోయి పది రోజులు. ఈ ఏడు పూజలకి పోలయ్య మావ లేడు. నాన్నా ఆయనా ఒకే రైలులో వచ్చారు, ఒకే గదిలో ఒండుకు తిన్నారు, కరిగిన ఇనుము మోసే బాల్చీ ఒక కాడ నాన్న పడితే రెండో కాడ ఆయన. నన్ను పోలయ్య మావ సైకిలు మీద బడికి దింపేవాడు, దారిలో నేను తెలుగు మాటకి హిందీలో జవాబు చెబితే బ్రేకు వేసి, తెలుగులో చెబితేగానీ తొక్కేవాడు కాదు. మార్చిలో ఆయన సీసా నా చేతికొచ్చింది. ముప్ఫై ఎనిమిది. వేసిన అర నిమిషంలో నీలం, ఎంత చక్కటి నీలం, నేను ఉమామహేశ్వర్ గారికి చూపించాను కూడా, ఎంత బాగా వచ్చిందో చూడండి సార్ అని. రిజిస్టరులో ‘నీలం’ అని రాశాను, నా దస్తూరీ గుండ్రంగా ఉంటుంది. జూన్‌లో మొహం ఉబ్బింది. ఎండకి అన్నారు. జూలైలో ఊపిరాడక ఆస్పత్రిలో చేరిస్తే నాలుగు రోజులకే పోయాడు. కిడ్నీలు ఎప్పుడో పోయాయి, ఇన్నాళ్ళూ ఏం చేశారు, అని అక్కడ డాక్టరు ఆయన భార్య భద్రమ్మత్తని తిట్టాడు. అత్త గోడకానుకుని, “ప్రతి నెలా నీలమే వచ్చింది బాబూ, మా సౌజన్యే సూసింది” అంది. ఆ మాట ఆవిడ నా మీద నేరంగా చెప్పలేదు. నాన్న ఆ రోజు డ్యూటీలో ఉన్నాడు, పోలయ్య జ్వరమొచ్చి పోయాడనే ఇప్పటికీ అనుకుంటున్నాడు, అలాగే అందరికీ చెబుతాడు. నేను సరిచెయ్యలేదు. ఒక్క తప్పు, వందలో ఒకటి తప్పడం ఏ పరీక్షకైనా ఉంటుంది, అని నాకు నేను చెప్పుకున్నాను. నాకు నేను చెప్పుకుంటే ఎంత తేలిగ్గా నమ్మేస్తానో.

పొద్దున. పొద్దున నాన్న బూట్లు తొడుక్కోలేక మంచం మీద కూర్చుని రొప్పుతున్నాడు. వంగి తొడుగుదామని కాలు పట్టుకున్నాను, నా బొటనవేలు దిగిపోయింది. తీశాక కూడా గుంట అలాగే ఉంది. నాకు ఒక్కసారి చెవుల్లో ఇంటి వెనక రైల్వే యార్డు చప్పుడు కూడా ఆగిపోయింది. సీసా ఇచ్చి పట్టించాను. ల్యాబు దాకా ఎందుకు, బంగారం ఎందుకు, డిగ్రీ ఫస్టియర్లో నేర్చుకున్న ముసలి పరీక్ష ఒకటుంది, వంద ఏళ్ళ కిందటిది, గొట్టంలో పోసి వేడి చెయ్యడమే. ప్రోటీను ఉంటే గుడ్డు తెల్లసొన ఉడికినట్టు తెల్లగా విరుగుతుంది. ఊరికే ఖనిజాల తెలుపైతే రెండు చుక్కల వినిగరు వేస్తే పోతుంది, ప్రోటీనుదైతే పోదు. వంటగదిలో గ్యాసు పొయ్యి మీద పట్టుకారుతో పెట్టాను. అమ్మ చూసి గుండెలు బాదుకుంది, “ఓలమ్మా, అన్నం వొండుకునే పొయ్యి మీద ఏటే ఆ పాడు పని! మతి పోనాదేటే నీకు!” తెల్లబడింది. వినిగరు వేశాను. పోలేదు. గొట్టం సగం దాకా పెరుగులా గడ్డకట్టింది. అదే సీసాలోంచి ఒక చుక్క, తరవాత ఉప్పునీళ్ళ చుక్క, బ్యాగులో ఉన్న బంగారంలో వేశాను. నీలం. ఫస్టు క్లాసు నీలం. నేను రెండు చేతుల్లో రెండు గొట్టాలు పట్టుకుని నిలబడ్డాను, అప్పుడు చూశాను, అమ్మ గట్టు మీద నాన్న అంబలి సీసాలో ఉప్పు కలుపుతోంది. చిటికెడు కాదు, గుప్పెడు. గళ్ళ ఉప్పు, గరిటె పెట్టి నూరుతూ కలుపుతోంది. ఏంటమ్మా అది? “పరిచ్చ గదేటి ఇయాల? మూడ్రోజుల్నించీ ఏత్తన్నాను. ప్రతి నెలా అంతే గదా. నువ్వే సెప్పినావు గదే, ఉప్పెంత పడితే అంత బేగి నీలమొత్తాదని.” ఎవరెవరికి చెప్పావు? “ఎవులికి సెప్పనేదు? బద్రమ్మకి ముందు సెప్పినాను. పాపం, మనోల్లే గదా. లైనంతా తాగుతారు.”

లైనంతా తాగుతారు. మా ఇళ్ళ వరసంతా. ఉబ్బిన కాళ్ళతో, చెడిన కిడ్నీలతో, ఏ డాక్టరైనా ఉప్పు ముట్టుకోవద్దని చెప్పే మనుషులు, నెలకి మూడు రోజులు గుప్పెళ్ళతో ఉప్పు తాగి, నా దగ్గరికి వచ్చి సీసా ఇచ్చి, నవ్వుకుంటూ పాసై వెళ్ళిపోయారు. పోలయ్య మావ తాగాడు, భద్రమ్మత్త చేతుల మీదుగా. నేను నేర్పిన పాఠం. నేను అమ్మ మీద అరిచాను, అరిచిన అరుపుకి పక్కింటివాళ్ళు తొంగిచూశారు, అమ్మ గరిటె ఇంకా పట్టుకునే ఉంది, ఏమి తప్పు చేసిందో ఆవిడకి తెలియదు. ఏం తప్పు చేసింది? మొగుడి పని నిలబెట్టింది. పాసు పీకేసేవాడిని వదిలేసి నేను మా అమ్మ మీద అరిచాను. అక్కడా నోరు ఇంట్లోదే.

తొమ్మిదిన్నరకి ఉమామహేశ్వర్ గారి గదికి వెళ్ళాను. రెండు గొట్టాలూ బల్ల మీద పెట్టాను, తెల్లదీ, నీలందీ. ఒకే మనిషివి సార్, అన్నాను. మొత్తం చెప్పాను, అంబలి, అమ్మ, పోలయ్య. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయనకి అర్థమైంది, నాకంటే ముందు అర్థమైంది, ఆ తుడుచుకోవడంలో తెలిసింది. తరవాత నవ్వాడు. “మీ అమ్మగారిది మంచి తెలివేనమ్మా! ఉప్పు తగ్గించమని చెప్పు” అన్నాడు. తరవాత, “చూడు, ఇవాళ ఈ పరీక్ష కొనడానికి ఇరవై రెండు ఫ్యాక్టరీల వాళ్ళు వస్తున్నారు. ఉప్పు అడ్డొచ్చే ఈ ఇంటర్‌ఫియరెన్స్ సంగతి నెక్స్ట్ పేపర్లో డిస్కస్ చేద్దాం. ఇవాళ మాత్రం వద్దు, సరేనా?” అన్నాడు. ఇరవై రెండు ఫ్యాక్టరీలు. ఇన్ని వేల మంది, ఇన్ని వేల నీలాలు. ఒక మనిషి చావుకి ఎంత చక్కటి పేరు పెట్టాడు, ఇంటర్‌ఫియరెన్స్. ‘సరే సార్’ అన్నాను. అన్నాను, నిజంగానే అన్నాను. బయటికొచ్చి స్టోరులోంచి స్పిరిటు దీపం, అగ్గిపెట్టె, వినిగరు సీసా తీసి ట్రే కింద అరలో పెట్టుకున్నాను. సరే అన్న నోటికీ తీసిన చేతికీ మాటల్లేవు.

తలుపు తెరిచి ప్యూను తల బయటపెట్టి “పాంచ్ మినిట్” అన్నాడు. ఐదు నిమిషాలు. నేను లేచి వెళ్ళి నాన్న పక్కన కూర్చున్నాను. నాన్నా, నీకు బాగోలేదు, అన్నాను. ఇంక ఎలా చెప్పాలి? పొద్దున పొయ్యి మీద చూసింది చెప్పాను, తెల్లగా వచ్చింది, కిడ్నీలు చెడుతున్నాయి, ఇప్పుడు మందు పడితే నిలబడతావు, లోపల అందరి ముందూ వేడి చేసి చూపిస్తాను, అన్నాను. ఆయన సీసా వైపే చూస్తూ విన్నాడు. “అలాటి పని సెయ్యకు తల్లీ.” గొంతు తగ్గించాడు. “ఆ బీమారావు లోపలే ఉన్నాడు. సూసినాడంటే సాయంత్రానికి పాసు పీకెత్తాడు. ఇంటికాడ కూకొని ఏటి సెయ్యాలి నాను?” ఉప్పు తాగితే చచ్చిపోతావు నాన్నా, అన్నాను. “మీ యమ్మ ఉప్పేత్తందని నాకు తెల్దేటి? నోట్లో ఎట్టుకుంటే సముద్రం తాగినట్టుంటాది. ఆయమ్మ ముకం సూసి తాగినాను. నీలమొత్తే ఆ పూటకి అందరికీ నిద్దర పడతాది.” నాకు చెప్పడానికి ఒక్క మాటే మిగిలింది, పోలయ్య మావ అనే మాట. ముప్ఫై రెండేళ్ళ స్నేహితుణ్ణి ఈ బెంచీ మీద, ఐదు నిమిషాల్లో, ఆయన చేతిలో పెట్టలేకపోయాను. నాకు ఆయన మీద కూడా కోపం వచ్చింది. ఆ భయం మీద, ఆ ఓర్పు మీద, ఎవడు భుజం తట్టినా పొంగిపోయే ఆ వెర్రితనం మీద. తరవాత ఆయన అన్నాడు, “సరేలే. నీకేటి తోత్తే అది సెయ్. నన్నడక్కు.” ఇది ఒప్పుకోవడమో కాదో నాకు తెలియలేదు. తలుపు పూర్తిగా తెరిచారు.

హాలంతా కోట్లు, చల్లదనం. నాన్న వెనక గోడ దగ్గర నిలబడ్డాడు, కుర్చీ ఉన్నా కూర్చోలేదు. ఉమామహేశ్వర్ గారు ఇంగ్లీషులో, తరవాత హిందీలో, ఎంత చవక, ఎంత తేలిక, డాక్టరు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, అంటున్నారు. నా వైపు చెయ్యి చూపించారు. నలభై ఒకటి సీసా మూత తీశాను. ఎర్రటి గొట్టంలో ఒక చుక్క. ఉప్పునీళ్ళు వెయ్యడానికి చెయ్యి ఎత్తాను, అప్పటికే రంగు తిరిగింది. ఉప్పు వెయ్యకుండానే. ముందు వరసలోవాళ్ళు “వాహ్” అన్నారు. ఎవరో చప్పట్లు మొదలెట్టారు, భీమారావు అందరికంటే గట్టిగా కొట్టాడు, వెనక గోడ దగ్గర నాన్న కూడా కొట్టాడు, అందరూ కొడుతున్నారు కదా అని. ఆ చప్పట్లు నా వీపు మీద పడినట్టున్నాయి. నేను వంగి దీపం పైకి తీసి వెలిగించాను. “సౌజన్యా, ఇంక చాలమ్మా, థాంక్యూ” అన్నారు ఉమామహేశ్వర్ గారు మైకుకి చెయ్యి అడ్డం పెట్టి. ఇదే సీసాలోది మిగిలినది, అన్నాను హిందీలో, వెనకదాకా వినపడేట్టు. గొట్టం మంట మీద పెట్టాను. వేడికి పైనుంచి మొదలైంది తెలుపు, మెల్లగా కిందికి దిగింది, వినిగరు వేశాను, పోలేదు. స్టాండులో నిలబెట్టాను. ఒక పెద్దాయన ముందుకు వంగి “యే క్యా హై?” అన్నాడు. ఈ మనిషి కిడ్నీలు చెడిపోతున్నాయి, అన్నాను. మా పరీక్ష దీన్ని తొమ్మిది నెలలు పట్టుకోలేదు, కొలిమి కార్మికుల దగ్గర ఇది పనికిరాదు, ఎరుపొస్తే పాసులు పీకేస్తున్నారు కాబట్టి వాళ్ళు ఉప్పు తాగి వస్తున్నారు, తాగి చచ్చిపోతున్నారు, అన్నాను. హాల్లో గుసగుస. భీమారావు లేచాడు. “నలభై ఒకటిది నీలం కదా, ఎవడిదది?” అన్నాడు, నన్ను కాదు, ఉమామహేశ్వర్ గారిని, తెలుగులోనే.

ఉమామహేశ్వర్ గారు ఆ గొట్టాన్ని తీసి పక్కన పెట్టెయ్యాలని చటుక్కున పట్టుకున్నారు. కాలింది. “అబ్బా” అని చెయ్యి విదిలించి వేళ్ళు నోట్లో పెట్టుకున్నారు. నేను నాన్న పేరు చెప్పలేదు. నన్నడక్కు అన్నాడు కదా. నోరు బిగించి నిలబడ్డాను. అప్పుడు వెనకనుంచి బూట్ల చప్పుడు, కట్టని తాళ్ళు నేల మీద ఈడుస్తూ, ఒక్కో అడుగూ ఆగి ఆగి, అంత చల్లటి హాల్లో చెమట్లు పట్టిన మొహంతో నాన్న బల్ల దాకా వచ్చాడు. ఆ గొట్టాన్ని వట్టి చేత్తో తీశాడు. కాలలేదు ఆయనకి, ముప్ఫై రెండేళ్ళ కొలిమి చెయ్యి. వెలుగుకి ఎత్తి పట్టాడు. “సాబ్, యే మేరా హై,” అన్నాడు ముందు వరసతో. నాది, అన్నాడు. “ఆదిబాబు” అని కూడా అన్నాడు, ఎవరూ అడక్కుండానే. తరవాత ఆ తెలుపు వైపు చూశాడు.  ఇటు తిరిగాడు. ఆ హాల్లో ముగ్గురికే అర్థమయ్యే మాటలో, నాకూ, కాలిన వేళ్ళతో నిలబడ్డ ఉమామహేశ్వర్ గారికీ, భీమారావుకీ, అడిగాడు.

“సౌజన్యా, పోలయ్యది కూడా అప్పుడు నువ్విలగ కాసుంటే, ఇలగే తెల్లగొచ్చుండేదేటే?”

“వచ్చుండేది నాన్నా,” అన్నాను.

ఆయన గొట్టం కింద పెట్టలేదు.